‘ఐ లే ఇన్ బెడ్’ తప్పా?

సందేహం: జ్వరంతో బడి మానేసిన మా అమ్మాయి సెలవు చీటీలో ‘యెస్టర్‌డే ఐ లే ఇన్ బెడ్ ఆల్ డే’ అని రాసింది. టీచరుగారు ‘లే’ కొట్టేసి ‘లెయిడ్’ అని దిద్దారు. ఏది సరైనదండీ?

సమాధానం: మీ అమ్మాయి రాసిందే సరి. అలాగని టీచరుగారి మీద విరుచుకుపడకండి. ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగినవాళ్లే ఇక్కడ తడబడతారు.

ఇవి రెండు వేర్వేరు క్రియలు. ‘లై’ అంటే పడుకొను. అకర్మకం. రూపాలు లై, లే, లెయిన్. ‘లే’ అంటే పెట్టు, పరచు. సకర్మకం కాబట్టి దేన్ని పెట్టారో చెప్పాలి. దీని రూపాలు లే, లెయిడ్, లెయిడ్. మొదటిదాని భూతకాలం, రెండోదాని వర్తమానం రెండూ ‘లే’ కావడంతోనే ఈ గందరగోళమంతా.

నిజానికి తెలుగువాళ్లకు ఇది కష్టం కాకూడదు. దిగు–దించు, తిరుగు–తిప్పు, కూలు–కూల్చు వంటి జంటలు మనకు బోలెడు. ‘గాలివానకు చెట్టు కూల్చింది’ అని మన పిల్లలెవరూ అనరు. ఇంగ్లీషులోనూ ఇలాంటి జంటలు ఒకప్పుడు ఎక్కువే. ఇప్పటికీ మిగిలినవాటిలో లై–లే ఒకటి, సిట్–సెట్ ఒకటి, ఫాల్–ఫెల్ ఇంకొకటి. ఈ చివరిది అచ్చం మన కూలు–కూల్చు. చిక్కు కూడా అదే: చెట్టు తనంతట కూలితే ‘ఫెల్’, ఎవరైనా కూలిస్తే ‘ఫెల్డ్’.

సకర్మకమైన ‘లే’ మన ఊళ్లలో ఎప్పటినుంచో తిరుగుతోంది. గుడ్ల కోసం పెంచే కోళ్లను లేయర్లు అంటాం. కోడి గుడ్డు ‘పెడుతుంది’ కదా, అక్కడ రెండు భాషలూ ఒక్కమాట మీదున్నాయి. ప్లాట్లు వేసిన లేఅవుట్‌లోనూ, ఐటీవాళ్లకు టెన్షన్ పుట్టించే లేఆఫ్‌లోనూ ఉన్నది ఇదే. శంకుస్థాపన ఫలకం మీద మంత్రిగారి పేరుకు ముందు ‘లెయిడ్ బై’ అని చెక్కిస్తారు, చూసే ఉంటారు. మంత్రిగారు రాయి వేశారు. మీ అమ్మాయి ఏమీ వేయలేదు, పెట్టలేదు, ఊరికే పడుకుంది.

పడుకోవడమనే అర్థంలోనూ ‘లే’ వాడటం 14వ శతాబ్దం నుంచీ ఉంది. అమెరికాలో ‘ఐ యామ్ లేయింగ్ డౌన్’ అని మాటల్లో బాగా వినిపిస్తుంది. మాటల్లో దాన్ని పట్టుకుని దెప్పడం నాకు నచ్చదు. పరీక్షల్లో, దరఖాస్తుల్లో మాత్రం ‘లైయింగ్’ అనే రాయాలి. స్పెల్లింగులో ‘ఐ, ఇ’ పోయి వాటి చోట ‘వై’ వస్తుంది.

అబద్ధమాడు అనే ‘లై’ మూడో క్రియ. దానికి ఏ పేచీ లేదు: లై, లైడ్, లైడ్. ఇక ‘లెయిన్’ మాటల్లో అరుదు. ‘ఐ హావ్ లెయిన్’ అనడానికి నోరు తిరగక చాలామంది ‘ఐ హావ్ బీన్ లైయింగ్’ అని దాటేస్తారు. అలా రాసేటప్పుడు ‘ఇన్ బెడ్’ చేర్చడం మరవద్దని అమ్మాయికి చెప్పండి. లేకపోతే ఇన్నాళ్లూ అబద్ధాలాడుతున్నానని తనే ఒప్పుకున్నట్టవుతుంది.