బూడిద కాదు, మడిలో నీళ్లు తీయండి

ప్రశ్న: ఎడగారు వరి నాటి 25 రోజులైంది. ఆకులు పసుపెక్కి పైరు గిడసబారింది. మడిలో అడుగు పెడితే బుడగలు వస్తున్నాయి, కుళ్లిన గుడ్డు వాసన. వేళ్లు నల్లబడ్డాయి. పక్క మడి పచ్చగానే ఉంది. కృష్ణపట్నం థర్మల్ కేంద్రం వైపు నుంచి వచ్చే బొగ్గు బూడిద వల్లేనా? షాపులో చెబితే ఎకరాకు రెండు బస్తాల యూరియా, పురుగుమందు గుళికలు వేశాను. తగ్గలేదు.
– ఒక రైతు, ముత్తుకూరు మండలం

జవాబు: బూడిద కాదు. బూడిదైతే ఆకు మీద పొరలా కనిపించాలి, తుడిస్తే చేతికి అంటాలి. పైగా అది మీ గట్టు దగ్గరే ఆగిపోదు కదా!

నాకున్న అనుమానం వేరే. కోత మిషను వదిలిన మోళ్లను దమ్ములో తొక్కించి, అవి కుళ్లకముందే నాటి ఉంటారు. ఆ రోజు నుంచి నీళ్లు తీయలేదు. గాలాడని బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్లే ఆ వాసన, ఆ నల్ల వేళ్లు. బుడగల్లో ఎక్కువగా ఉండేది మీథేన్. దానికి వాసన ఉండదు. నూరేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. పొగగొట్టం దూరం నుంచే కనిపిస్తుంది, మన మడిలోంచి పోయేది కంటికి కనపడదు.

ఇవాళే నీళ్లు తీసేయండి. సన్నటి నెర్రెలు రాగానే మళ్లీ పెట్టండి. నల్లరేగడిలో పెద్ద నెర్రెలు పడనివ్వొద్దు. ఆకుల మీద తుప్పు మచ్చలు కూడా ఉంటే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు చల్లండి. పురుగుమందు కలపొద్దు.

ఆ తర్వాత ఆరుతడి పాటించండి. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో రంధ్రాలు చేసి, ఆ భాగం మట్టిలో ఉండేలా పాతండి. లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగాకే తడి ఇవ్వండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం 5 సెం.మీ. నీరు నిలపాలి. ఇలా చేస్తే మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది, సోమశిల జలాశయం నీళ్లూ మిగులుతాయి. కాలువ రాలేదని మురుగు కాలువ నీళ్లు తోడకండి. మీది సముద్రం పక్క నేల, ఉప్పు ఎంతుందో పరీక్షించాకే పెట్టాలి.

ఇక యూరియా. వేళ్లు చచ్చిన పైరుకు ఎకరాకు రెండు బస్తాలా? షాపతను మడిలో దిగి ఒక్క దుబ్బయినా పీకి చూశాడా? పురుగే లేనప్పుడు గుళికలు దేనికి? పైరు తీసుకోని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు వేడెక్కించే వాయువు! తర్వాతి మోతాదు అంకురం దశలోనే (దుబ్బు లోపల వెన్ను మొదలయ్యేటప్పుడు), నీరు తీసి బురద పదునులో చల్లి, 36-48 గంటలాగి నీరు పెట్టండి. అదైనా, వారం తర్వాత దుబ్బు పీకితే తెల్లటి కొత్త వేళ్లు కనిపించిన పైరుకే.

వచ్చే పంటకు మోళ్లను నాట్లకు కనీసం 30 రోజుల ముందే, నీరు లేనప్పుడు దున్నేయండి. తగలబెట్టకండి.