ఎండ కాసే చోట క్రిస్మస్: పద్ధతులు అవే, వేళలు వేరు

అమ్మడూ,

ఈసారి పండుగ మీ ఇంట్లోనేనని, బరువంతా నీ మీదేనని విన్నాను. కంగారు పడకు. వేడి ప్రాంతంలో మార్చుకోవాల్సింది పద్ధతుల్ని కాదు, వేళల్ని. చెట్టు, కేకు, టర్కీ, పుడ్డింగు, కొవ్వొత్తులు, కీర్తనలు అన్నీ ఉండాల్సిందే. పొయ్యి పని తెల్లవారుజామున మొదలై ఎండెక్కేలోపు ముగియాలి, విందు పొద్దుగూకాక జరగాలి. మిట్టమధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీయండి. మంచు లేదే అన్న దిగులు వద్దు. లూకా సువార్తలో పొత్తిగుడ్డలున్నాయి, పశువుల తొట్టి ఉంది, రాత్రివేళ మందను కాచుకునే కాపరులున్నారు. మంచు ఊసే లేదు. చెట్టు మీద దూది పరిచి మంచులా చేద్దామనుకుంటే అదీ మానుకో. దూదికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

ముందు మాంసం సంగతి చెబుతాను, ఎండలో పండుగ చెడేది ఎక్కువగా ఇక్కడే. గడ్డకట్టిన ఐదు కిలోల టర్కీ ఫ్రిజ్‌లోనే కరగాలి. రెండు కిలోలకు ఒక రోజు చొప్పున లెక్క వేసుకుని 21వ తేదీ పొద్దునే ఫ్రీజర్‌లోంచి తీసి కింది అరలో పెట్టు. అడుగున లోతున్న పళ్లెం ఉండాలి, కారే నీళ్లు ఇంకే పదార్థానికీ తగలకూడదు. బయట పెడితే తొందరగా కరుగుతుంది కదా అనుకోకు. లోపల ఇంకా రాయిలా ఉండగానే పైభాగం గది వేడికి వచ్చేస్తుంది, క్రిములు అక్కడ పెరిగిపోతాయి.

24న తెల్లవారుజామున నాలుగున్నరకు ఓవెన్‌లో పెట్టు. 165 డిగ్రీల సెల్సియస్‌లో, పొట్టలో ఏమీ కూరకపోతే, దాదాపు మూడు గంటలు పడుతుంది. స్టఫింగ్, అంటే పొట్టలో కూరే ముద్ద, విడిగా వేరే పళ్లెంలో కాల్చు. గడియారం చూసి దించేయకు. తొడలో మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చు. 74 డిగ్రీలు చూపిస్తేనే ఉడికినట్టు. అరగంట కదపకుండా వదిలేసి, మాంసాన్ని ఎముక నుంచి కోసి, వెడల్పాటి పళ్లాల్లో రెండంగుళాల మందం మించకుండా సర్ది ఫ్రిజ్‌లోకి పంపు. లోతు గిన్నెలో కుక్కితే పైన చల్లబడుతుంది గానీ నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, పాడవడం అక్కడ మొదలవుతుంది. మర్నాడు రాత్రి మాంసాన్ని చల్లగానే వడ్డించి, గ్రేవీ మాత్రం సలసలా మరిగించి పైన పోయి. ఉక్కపోతలో వేడివేడి మాంసం కంటే ఇదే అందరికీ సయిస్తుంది.

వండినది బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచకు. గాలిలో వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అందుకని సగం ఫ్రిజ్‌లో ఆపి, మొదటి పళ్లెం ఖాళీ అయ్యాక కొత్త పళ్లెంలో తీసుకురా. పాతదాని మీదే కొత్తది వేయకు. సీసాలేవీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పిల్లలు నిమిషానికోసారి తలుపు తీస్తుంటే లోపల చలి నిలవదు, చెడేది నీ మాంసమే. తాగేవాటికి ఒక పెద్ద తొట్టి వేరుగా పెట్టి, మనిషికి కిలో చొప్పున ఐసు వేసి, అది మునిగేలా నీళ్లు పోయి. ఉత్త ఐసు ముక్కల్లో సీసాకి గాలే ఎక్కువ తగులుతుంది, నీళ్లుంటే చుట్టూ చల్లదనం పట్టి త్వరగా చల్లబడుతుంది.

కేకు రాత్రిపూట కాల్చు. ఎనిమిదంగుళాల టిన్నుకి ఎండుపండ్లు కిలో దాకా పడతాయి, 150 డిగ్రీల్లో రెండున్నర నుంచి మూడు గంటలు. రమ్ము పోసే కేకయితే డిసెంబరు మొదటి వారంలోనే చేసి, వారానికి రెండు టేబుల్‌స్పూన్లు తాగించు. పండ్లరసంతో చేస్తే అంత ముందుగా వద్దు, పండుగకు నాలుగైదు రోజుల ముందు చేసి ఫ్రిజ్‌లో దాచు. రెండింటికీ ఒకటే గండం: అడుగు కూడా పూర్తిగా ఆరకముందే కాగితం చుట్టేయడం. లోపలి ఆవిరి చెమ్మయి, ఆ చెమ్మకి బూజు పడుతుంది. రాత్రంతా జాలీ మీద ఆరనిచ్చి పొద్దున చుట్టు. వెన్నతో చేసే ఐసింగ్ జోలికి పోకు, 32 డిగ్రీలు దాటితే వెన్న కరిగి కారిపోతుంది. మార్జిపాన్ (బాదంపొడి, పంచదార కలిపిన ముద్ద), పంచదార పేస్టు నిలుస్తాయి. ఐసింగ్ చేసిన కేకుని ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తెరవకు. గది వేడికి వచ్చేదాకా డబ్బాలోనే ఉంచితే, పట్టే చెమట డబ్బాకి పడుతుంది, కేకు పొడిగా ఉంటుంది.

ఎండుపండ్లతో ఆవిరి మీద ఉడికించే క్రిస్మస్ పుడ్డింగుని పండుగనాడు మళ్లీ రెండు గంటలు ఆవిరి పట్టాలంటే వంటిల్లు స్నానాలగది అయిపోతుంది. ముందే చేసిన పుడ్డింగు నాలుగు వందల గ్రాములు చిదిమి, మెత్తబడిన లీటరు వెనీలా ఐస్‌క్రీంలో కలిపి, రాత్రంతా గడ్డకట్టించు. దినుసులు, వాసన అన్నీ అవే.

కోసిన చెట్టు తెస్తే డిసెంబరు మధ్యకి ముందు తేకు, వెచ్చటి ఇంట్లో అది త్వరగా ఎండుతుంది. నీళ్లలో నిలబెట్టే ముందు కాండం అడుగున అరంగుళం మందాన బిళ్లలా కోసెయ్. పాత కోత మీద జిగురు గట్టిపడి నీటిని పీల్చనివ్వదు. మొదలు అడ్డుకొలత నాలుగంగుళాలుంటే రోజుకి దాదాపు నాలుగు లీటర్లు తాగుతుంది, మొదటిరోజు మరీ ఎక్కువ. ఒక్కసారి నీటిమట్టం కోత కిందికి దిగిందా, మళ్లీ జిగురు కట్టేస్తుంది. ఏసీ గాలికి, పడమటి కిటికీకి దూరంగా ఉంచి, ఎల్‌ఈడీ దీపాలే వాడు. నన్నడిగితే కుండీలో అరకేరియా, అదే క్రిస్మస్ చెట్టులా కనిపించే మొక్క, మేలు, వెచ్చదనం దానికి అలవాటే. కొమ్మలు మాత్రం సన్నం, గాజు గోళాలు వేలాడదీస్తే వంగిపోతాయి. కాగితం నక్షత్రాలు చాలు.

పండుగకి ఇంట్లో పెట్టే పాయిన్‌సెట్టియా మొక్క పై ఆకులు ఎర్రబడాలంటే దాదాపు ఎనిమిది వారాలు రాత్రికి పద్నాలుగు గంటల చీకటి కావాలి. వరండా దీపం కింద పెట్టి, ఎర్రబడలేదని వాపోవద్దు. అడ్వెంట్ వలయంలోని (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు కొవ్వొత్తులు వెలిగించే ఆకుల చుట్టలోని) ఆకుల్ని వారం వారం మార్చు, ఎండిన ఆకు పక్కన మంట పెట్టకూడదు. పొడుగు కొవ్వొత్తులు ఎండకి వంగిపోతాయి, పడుకోబెట్టి నీడలో దాచు. ఫ్యాను గాలికి ఒకవైపే కారతాయి కాబట్టి గాజు చిమ్నీలు వేయించు.

క్రిస్మస్ తాత వేషం చీకటి పడ్డాకే వేయించు. ఆ గడ్డం, ఆ కోటు పావుగంటకి మించి ఎవరి ఒంటి మీదా ఉండకూడదు. వేసేముందు ఒక గ్లాసు, తీశాక ఒక గ్లాసు నీళ్లు నువ్వే దగ్గరుండి తాగించు.

దీవెనలతో,
నీ పెద్దమ్మ