మొటిమల మొహానికి ఏ షేవర్?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. బుగ్గల మీద, దవడ కింద మొటిమలున్నాయి. మామూలు రేజర్‌తో గీస్తే మొటిమలు తెగి రక్తం వస్తోంది. ఆ తర్వాత రెండు రోజులు మంట. ఎలక్ట్రిక్ షేవర్ కొందామనుకుంటున్నాను. గుండ్రటి తలలు మూడు ఉండేది మంచిదా, జల్లెడలా ఉండే ఫాయిల్‌ది మంచిదా? ఆన్‌లైన్‌లో ఏడు తలలది కూడా చౌకగా కనిపించింది. బడ్జెట్ ఐదు వేల లోపు. — ఓ డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: నా ఓటు ఫాయిల్‌కే. అయితే మొటిమలు ఎర్రగా ఉబ్బి, చీము పట్టి ఉన్న రోజుల్లో ఆ చోట ఫాయిల్ కూడా పెట్టకండి. అప్పుడు ట్రిమ్మర్ చాలు.

రేజర్‌లో బ్లేడు అంచు నేరుగా చర్మం మీదే నడుస్తుంది. ఎత్తుగా మొటిమ అడ్డొస్తే దాన్నీ కోసేస్తుంది. ఫాయిల్ షేవర్‌లో బ్లేడుకీ చర్మానికీ మధ్య కాగితం కన్నా పల్చటి లోహపు రేకు ఉంటుంది. దాని సన్నటి రంధ్రాల్లోంచి లోపలికొచ్చిన వెంట్రుకను, కింద అటూ ఇటూ వేగంగా కదిలే బ్లేడు తెంపుతుంది. కోసుకుపోవడం బాగా తగ్గుతుంది కానీ, గట్టిగా నొక్కితే మెత్తటి చర్మం కూడా ఆ రంధ్రాల్లోకి ఉబుకుతుంది. చాలామంది ‘షేవర్ పడలేదు’ అనేది ఇలా నొక్కి వాడినందుకే.

గుండ్రటి తలలది చెడ్డదేం కాదు. ఫిలిప్స్ 1939 నుంచీ ఆ పద్ధతిలోనే చేస్తోంది. బ్రాన్, పానసోనిక్‌లకు పేరొచ్చింది ఫాయిల్‌తో. మెడ దగ్గర వెంట్రుకలు తలో దిక్కుకు పెరిగేవాళ్లకు, మూడు నాలుగు రోజులకోసారి గీసుకునేవాళ్లకు గుండ్రటిదే సుఖం. కానీ దాన్ని సున్నాలు చుడుతూ తిప్పాలి కాబట్టి ఒకే చోట పదేపదే రాపిడి పడుతుంది. మొటిమలున్న బుగ్గకు అంత రాపిడి ఎందుకు?

కొనేముందు ఒక పని చేయండి. మంచి వెలుతురులో దవడ కింద ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బొడిపె మధ్యలో నల్లగా, చుట్టుకుపోయిన వెంట్రుక కనిపిస్తే అది మొటిమ కాకపోవచ్చు. మరీ నున్నగా తెగిన వెంట్రుక వంపు తిరిగి చర్మంలోకే పెరిగితే ఇలాంటి బొడిపెలు వస్తాయి. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. మీది అదే అయితే ఖరీదైన షేవర్ పెట్టి ఇంకా నున్నగా చేసుకోవడం సమస్యను పెంచుకోవడమే. ఒక మిల్లీమీటరు వదిలేసే ట్రిమ్మర్ నయం. ట్రిమ్మర్‌కూ షేవర్‌కూ మధ్య రకం కావాలంటే ఫిలిప్స్ వన్‌బ్లేడ్ ఉంది, మీ బడ్జెట్లోనే వస్తుంది. కావాలనే చర్మానికి మరీ దగ్గరగా కోయదు. చేత్తో తడిమితే కాస్త గరుగ్గా తగులుతుంది, అంతే. కాకపోతే వారానికి రెండుసార్లు వాడితే నాలుగు నెలలకోసారి బ్లేడు మార్చమంటుంది కంపెనీ. ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఇక ఏడు తలలది. అది గుండు గీసుకోవడానికి చేసింది. దవడ వంపుల్లో సరిగ్గా ఆనదు. పైగా అలాంటి చౌక సరుకుకు ఏడాది తర్వాత విడి తలలు దొరకడం కష్టం. నిజానికి ఏ షేవర్ కొన్నా నేను ముందు చూసేది ఇదే: ఆ మోడల్ ఫాయిల్, లోపలి బ్లేడు విడిగా దొరుకుతాయా, ఎంతకు? బ్రాన్ లాంటి కంపెనీలే వాటిని 18 నెలలకోసారి మార్చమంటాయి. అరిగిన ఫాయిల్‌తో గీస్తే వెంట్రుక తెగకుండా లాగుతుంది. అప్పుడే మనం ఇంకాస్త నొక్కుతాం. విడిభాగాలు దొరకని మోడల్ సగం ధరకు ఇచ్చినా వద్దు. ఆ తర్వాత తడిగానూ పొడిగానూ వాడుకునే వీలు, లిథియం బ్యాటరీ ఉంటే చాలు. నిమిషానికి ఇన్ని వేల కదలికలంటూ అట్టపెట్టె మీద వేసే అంకెలకు, చార్జింగ్ శాతం చూపే తెరకు అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. వాచీ వెనక మూత, బెల్టు బకిల్ తగిలిన చోట దురద వచ్చే అలవాటుంటే మాత్రం జాగ్రత్త. చాలా ఫాయిల్స్‌లో నికెల్ ఉంటుంది.

మీది సముద్రం ఊరు. ఉక్కపోతకు మొహం జిడ్డుగా ఉంటే ఫాయిల్ జారదు, చర్మాన్ని పట్టి లాగుతుంది. మొహం కడిగి, పూర్తిగా ఆరాక, ఫ్యాను కింద కూర్చుని గీసుకోండి. కావాలంటే కొంచెం పౌడరు. లేదా షేవింగ్ జెల్‌తో తడిగా చేయండి, మొటిమలున్నవాళ్లకు చాలాసార్లు ఇదే హాయి. గడ్డం రెండు మూడు రోజులదైతే ముందు ట్రిమ్మర్‌తో కురచ చేయాలి, పొడుగు వెంట్రుక ఆ రంధ్రాల్లో దూరదు. అయ్యాక పటిక, ఘాటు ఆఫ్టర్‌షేవ్ వద్దు. మొదటి మూడు నాలుగు వారాలు కొంచెం ఎరుపు సహజం, చర్మం అలవాటు పడాలి. వారానికే టెన్షన్ పడి ఓఎల్ఎక్స్‌లో పెట్టేయకండి. మొటిమలకు అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీములు రాస్తుంటే చర్మం ఎలాగూ పొడిబారి ఉంటుంది, రోజూ గీయకండి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే చర్మ వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టండి.

వాడిన ప్రతిసారీ తల విప్పి, లిక్విడ్ సోప్‌తో కడిగి, ఆరబెట్టండి. సబ్బు నూనెను కూడా కడిగేస్తుంది కాబట్టి వారానికోసారి ఫాయిల్ మీద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. అనుమానం వస్తే దూదిని ఫాయిల్ మీద మెల్లగా రాయండి. పీచు చిక్కుకుంటే అక్కడ చిరిగినట్టే. ఇక అది మొహానికి తగలకూడదు.

ప్రశ్న: కొత్త షేవర్‌కు టైప్-సి పోర్ట్ ఉంది. కానీ నా ఫోన్ ఫాస్ట్ చార్జర్‌తో అసలు ఎక్కడం లేదు. పాడైందా? — ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బహుశా కాదు. మీ చార్జర్‌లో కేబుల్ రెండు వైపులా టైప్-సి ఉందేమో చూడండి. అలాంటి చార్జర్, అవతల ఏదో పరికరం తగిలిందని గుర్తుపట్టాకే కరెంటు వదులుతుంది. అలా గుర్తుపట్టడానికి పోర్ట్ వెనక రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి. కొన్ని చౌక వస్తువుల్లో ఖర్చు మిగులుతుందని వాటిని పెట్టరు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో మామూలు చార్జర్‌కు పెట్టండి, ఎక్కుతుంది.

ప్రశ్న: మా ఆయన, మా అబ్బాయి ఒకే షేవర్ వాడొచ్చా? కడిగే వాడతారు. — ఓ గృహిణి, వరంగల్

జవాబు: వద్దమ్మా. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. నీళ్లతో కడిగినంత మాత్రాన పోదు. అబ్బాయికి మొటిమలుంటే ఆ చీములోని బ్యాక్టీరియా కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. రెండో షేవర్ దండగ అనిపిస్తే, అదే మోడల్‌కు ఫాయిల్, లోపలి బ్లేడు ఇంకో జత కొనండి. ఎవరి జత వాళ్లు తగిలించుకుంటారు. మారిపోకుండా ఒకదాని ప్లాస్టిక్ అంచు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి.