బొరుసు వైపు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత రోమన్ కాలపు నాణేల మీద నీ వ్యాసం అందింది. భాష బాగుంది. జలసంధి ఒడ్డునున్న పాత గ్రీకు ఊరు అబిడోస్ నాణెం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. ప్రియురాలి కోసం లియాండర్ సముద్రం ఈదుతున్నాడని ఒక్క ముక్క రాసి, ఆ వెంటనే ప్రేమ, చీకటి, తుఫాను, కన్నీళ్లు! అది ఏ లోహమో, ఏ చక్రవర్తి కాలానిదో చెప్పలేదు. కంచుది. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ నాటిది. బురుజు పైనుంచి అతడి ప్రియురాలు, హీరో అనే పూజారిణి దీపం పట్టుకుని ఉంటుంది, కింద అతడు నీళ్లలో ఈదుతుంటాడు. అంత చిన్న బిళ్ల మీద ఇంత పని జరిగితే నీ కళ్లు ఎక్కడున్నాయి? ఎదుటి ఒడ్డున ఉన్న సెస్టోస్ ఊరు కూడా ఇదే కథను నాణెం మీదికి ఎక్కించింది. అది ఎందుకో అడిగావా?

ఈ నాణేలు ఊళ్లు కొట్టుకున్న డప్పు. బొమ్మ వైపు చక్రవర్తికి దండం, బొరుసు వైపు సొంత గొప్ప. టార్సస్ ఊరు గ్రీకు పురాణవీరుడు పెర్సియస్‌ను తనవాడంది, పెరింథస్ ఊరు ఇంకో వీరుడు హెరాక్లీస్‌ను తనవాడంది. ఇలియం, అంటే ట్రాయ్, సంగతి ఇంకా తమాషా. ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ గ్రీకుల చేతిలో ఓడిన పక్షం వాడు, యుద్ధంలో చచ్చినవాడు. అయినా పేరు చెక్కి మరీ వేసుకున్నారు. ఒకచోట రథం మీద ఉంటాడు, ఇంకొకచోట గ్రీకు ఓడల మీదికి కాగడా విసురుతుంటాడు. ట్రాయ్ నుంచి తండ్రిని మోసుకుపోయే వీరుడు ఈనియస్ కూడా అక్కడి నాణేల మీద ఉన్నాడు. రోమన్లు అతన్నే తమ మూలపురుషుడిగా చెప్పుకునేవారు కదా! ట్రాయ్ పేరు చెప్పి రాజుగారితో చుట్టరికం కలుపుకోవడం అన్నమాట.

ఈ మాటే రాస్తే నా తొలి వ్యాసాన్ని ఒక సంపాదకుడు "కథ ఏదీ?" అని తిప్పి పంపాడు. ఇంకొకాయన అచ్చువేశాడు గానీ, స్థలం చాలదని బొరుసు ఫొటో తీసేసి చక్రవర్తి తలకాయ మిగిల్చాడు. హెక్టర్ మీద వ్యాసానికి రోమన్ చక్రవర్తి కారకల్లా ముఖం! పాఠకులు నన్నే తిట్టారు. ఇప్పుడేమో పురాణాన్ని తిరగ చెప్పడమే పెద్ద సృజన అయిపోయింది. అందరూ కథే చెబితే నాణేన్ని చూసేవాడెవరు?

చివర్లో శాతవాహనుల పేరా కొట్టెయ్యి. మన నేలలో బయటపడిన రోమన్ నాణేల్లో పేరున్నవి చక్రవర్తుల బంగారు, వెండి నాణేలు. ఆ ఊళ్ల కంచు ఎక్కువగా తమ చుట్టుపక్కలే చెల్లేది. వాటికీ మనకూ బలవంతపు పెళ్లి చేయకు.

తిరగరాసేటప్పుడు బొరుసు వర్ణనతో మొదలుపెట్టు. ప్రేమకథకు ఒక పేరా చాలు.