జామాయిల్ తోట కొట్టించాక మిగిలిన కొమ్మారెమ్మకూ మోళ్లకూ ఏ పనిముట్టు?

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, దమ్మపేట మండలం. ఆరెకరాల క్లోన్ జామాయిల్ తోటను రెండో కోతతో ఆపేసి, వచ్చే వానలకు ఆయిల్‌పామ్ వేయాలనుకుంటున్నాను. కర్ర కొన్నవాళ్లు బెరడును తోటలోనే ఒలిచేసి దుంగలు తీసుకుపోయారు. కొసకొమ్మలు, బెరడు పేలికలు, వాళ్లకు పనికిరాని సన్నకట్టె పొలమంతా మోకాలెత్తున పడి ఉన్నాయి. సాలుకూ సాలుకూ మధ్య మూడు మీటర్లు, చెట్టుకూ చెట్టుకూ మధ్య రెండు మీటర్లు దూరం. నా దగ్గర 45 హార్స్‌పవర్ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు, తొమ్మిది పళ్ల కల్టివేటర్, రోటవేటర్, ట్రక్కు ఉన్నాయి. కొమ్మలను పొడి చేసే మల్చర్ కొనమని ఒకరు, ట్రాక్టరు ముందు బకెట్ బిగించుకోమని మరొకరు, జేసీబీ పెట్టించి మొత్తం పీకించేయమని ఇంకొకరు చెబుతున్నారు. దేనిమీద డబ్బు పెట్టమంటారు?

జవాబు: మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు యంత్రాలు చెప్పారు. ఆ మూడు పనులూ మీ పొలంలో ఒకదానిమీద ఒకటి పడి ఉండడంవల్ల ఒకే పనిలా కనిపిస్తున్నాయి. పైన పరుచుకున్న కొమ్మారెమ్మను లాగి వరసలుగా చేర్చడం మొదటిది. చేర్చినదాన్ని ముక్కలు చేయడమో, బయటికి తోలడమో, అక్కడే కుళ్లనివ్వడమో రెండోది. నేలలో వేళ్లూనుకుని ఉన్న మోళ్ల సంగతి తేల్చడం మూడోది. వీటిలో మొదటి పనికి వాడే పళ్ల చట్రం ఒక్కటే మీరు సొంతంగా పెట్టుకోదగ్గది. మిగిలినవాటిని అద్దెకు తెచ్చుకుని పని కాగానే పంపేయవచ్చు.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది, మీరు అడగకపోయినా, రోటవేటర్ గురించి. చెత్త తీసేదాకా దాన్ని పొలంలోకి దించకండి. జామాయిల్ బెరడు నార తీసినట్టు బారలకొద్దీ ఊడివస్తుంది. తిరిగే ఇరుసుకు అది పగ్గంలా చుట్టుకుని, కాసేపటికే బ్లేళ్లు కనిపించనంతగా బిగుసుకుంటుంది. ఆపైన చివరికి జరిగి బేరింగు పక్కనున్న ఆయిల్ సీలును తినేస్తుంది. కొడవలితో కోసి, ముక్కలు ముక్కలుగా లాగి దాన్ని విడిపించేసరికి పూట గడిచిపోతుంది. ఇక బ్లేడు మోడుకు తగిలిందంటే, షియర్ బోల్టు ఉన్న యంత్రమైతే బోల్టు తెగి బతికిపోతుంది, లేకపోతే ఆ దెబ్బ గేరుపెట్టె దాకా పోతుంది.

ఇప్పుడు చెత్త చేర్చే పని చూద్దాం. కొట్టిన వెంటనే లాగకుండా ఆకు ఎండి రాలేదాకా, మన ఎండలకు సుమారు మూడు నాలుగు వారాలు, ఆగడం మంచిది. ఆకులోని పోషకాలు పొలంలోనే ఉండిపోతాయి, కొమ్మల బరువూ తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ ఆగితే మోళ్ల నుంచి పిలకలు లేచి చెత్తలోంచి పైకి వస్తాయి, అప్పుడు కొమ్మను లాగడం రెండింతలు కష్టం. చేర్చడానికి బకెట్టూ డోజర్ బ్లేడూ పనికిరావని నేననను గాని, రెండూ కొమ్మతోపాటు పైమట్టిని కూడా గీరుకుపోతాయి. ఆరెకరాల మీద రెండంగుళాల మట్టి కదిలితే మీ పొలం సారమంతా చెత్తకుప్పల కిందికి చేరినట్టే. మట్టి కలిసిన కుప్ప సరిగా ఎండదు. అందులోని కట్టెను ముక్కలుగా తరిగే చిప్పర్‌లో వేస్తే ఇసుక తగిలి కత్తులు మొద్దుబారతాయి. అందుకే పళ్ల మధ్య సందుల్లోంచి మట్టి జారిపోయి, కొమ్మ మాత్రమే ముందుకు వచ్చే పరికరం కావాలి.

దానికి కొత్త యంత్రమే అక్కర్లేదు. మీ తొమ్మిది పళ్ల కల్టివేటర్‌కు పళ్లు రెండు వరసల్లో ఉంటాయి. ముందు వరస విప్పేసి, వెనక వరసను మాత్రం ఉంచి, పళ్ల కొనలు నేలను తాకీ తాకనట్టుగా లిఫ్టును నిలిపి సాలు వెంట లాగి చూడండి. బెరడూ కొమ్మా పళ్లకు పట్టుకుని వస్తాయి, సాలు చివర లిఫ్టు ఎత్తి కాస్త వెనక్కి జరిపితే రాలిపోతాయి. రెండు వరసలూ ఉంచితే మాత్రం చెత్త వాటి మధ్య ఇరుక్కుని, పది గజాలకొకసారి దిగి చేత్తో లాగవలసివస్తుంది. ఈ పద్ధతి నచ్చితే, నాగళ్లు తయారుచేసే వర్క్‌షాపులో ఐదారడుగుల వెడల్పు చట్రం మీద తొమ్మిది అంగుళాలకొకటి చొప్పున వంపు తిరిగిన మందపాటి పళ్లు పెట్టించి, ట్రాక్టరు వెనక పరికరాలు తగిలించే మూడు పాయింట్ల లింకేజీకి సరిపోయేలా చేయించుకోండి. సాలుకు నిలువుగా లాగండి గాని అడ్డంగా వద్దు. మూడు మీటర్ల సందులో మీ ట్రాక్టరు సాఫీగా పోతుంది, అడ్డంగా అయితే రెండు మీటర్ల ఇరుకు సందుల్లో మోళ్లను తప్పించుకుంటూ పోవాలి.

దిగేముందు పొలమంతా ఒకసారి నడవండి. గొడ్డలితో ఏటవాలుగా నరికిన మోడు కొన కత్తిలా ఉంటుంది, టైరు పక్కగోడలో దిగితే ఆ టైరు ప్యాచీకి కూడా లొంగదు. అలాంటివాటిని రంపంతో నేలకు నాలుగంగుళాలలోపు చదరంగా కోయించండి. ఈ మాట కర్ర అమ్మేటప్పుడే ఒప్పందంలో రాయించుకోవలసింది. ఈ శీర్షిక చదివేవారిలో ఇంకా కోత మొదలుపెట్టనివారికి అది పనికివస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

మల్చర్ విషయానికి వస్తే, మన దగ్గర అద్దెకు దొరికే మల్చర్లు, పత్తికట్టె ష్రెడ్డర్లు వరి కొయ్యకాళ్లకూ మొక్కజొన్న, పత్తి కట్టెకూ ఉద్దేశించినవి. వేలంత లావు పుల్లను అవి పొడి చేస్తాయి గాని ముంజేయంత కొమ్మ దగ్గర తడబడతాయి, మోడు తగిలితే సుత్తి ఊడి తూటాలా ఎగరవచ్చు. మోళ్లను సైతం నమిలేసే అడవి మల్చర్లు వేరే ఉన్నాయి. వాటికి మీ ట్రాక్టరుకు రెట్టింపు శక్తి, నత్తనడకలాంటి గేరు కావాలి. ఆరెకరాల కోసం ఆ ఆలోచన వద్దు. ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టుతో నడిచే చిప్పర్ మాత్రం మీ ట్రాక్టరు లాగగలదు. 45 హార్స్‌పవర్ ఇంజనులో పీటీఓ దాకా చేరేది అంతకంటే కొంత తక్కువేనని గుర్తుంచుకుని, చిప్పర్ పలకమీద రాసిన గరిష్ఠ లావును కాకుండా దానిలో సగాన్ని మీ రోజువారీ పనికి కొలతగా పెట్టుకోండి, ఎందుకంటే ఎండిన జామాయిల్ కట్టె పచ్చికట్టె కంటే చాలా గట్టిది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేని చిప్పర్‌ను అద్దె సగానికి ఇచ్చినా తీసుకోకండి. కొమ్మలు అందించేవారి మెడలో తువ్వాలు గాని, కట్టుకున్న లుంగీ గాని ఉండకూడదు.

చిప్పర్ పొట్టును దున్ని మట్టిలో కలపకండి. పచ్చికట్టె పొట్టు కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు తమకోసం లాగేసుకుంటాయి, అందువల్ల కొత్త మొక్క పసుపుబారుతుంది. పైన పరిస్తే ఆ ఇబ్బంది తక్కువ, తేమ కూడా నిలుస్తుంది. ఆయిల్‌పామ్ మొక్క మొదలుకు తగలకుండా మూరెడు ఎడంగా పల్చగా పరవండి. పొట్టును గుట్టగా వదిలేస్తే అది కుళ్లే చోట కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, ఆ పురుగు ఆయిల్‌పామ్ మొవ్వును తొలిచేస్తుందని తోటలున్న మీ పొరుగువారికి తెలిసే ఉంటుంది.

ఇక మోళ్లు. ఖర్చంతా ఉండేది ఇక్కడే, తొందరపడేదీ ఇక్కడే. మూడు మీటర్లు, రెండు మీటర్ల దూరంలో ఎకరానికి దాదాపు 670 మోళ్లు, మీ ఆరెకరాలకు నాలుగు వేలు దాటతాయి. ఆయిల్‌పామ్‌ను పక్కపక్క మూడు మొక్కలూ ఒకదానికొకటి తొమ్మిది మీటర్ల ఎడంలో ఉండే త్రిభుజ పద్ధతిలో నాటితే ఎకరానికి పట్టేవి 57 మొక్కలు, ఆరెకరాలకు మూడువందల నలభై చిల్లర. కాబట్టి జేసీబీని పిలవకముందే దారం పట్టి, కొలిచి, ప్రతి గుంటకూ ఒక పుల్ల పాతండి. త్రిభుజ పద్ధతిలో వరసకూ వరసకూ మధ్య 7.8 మీటర్లు వస్తుంది. అది మీ పాత మూడు మీటర్ల సాళ్లతో కలవదు గనుక, పుల్లలు కొన్ని సందులో పడతాయి, కొన్ని సరిగ్గా మోడు నెత్తిన పడతాయి. గుంట చోటా, దాని చుట్టూ గజం దూరంలోనూ ఉన్న మోళ్లను పీకించి, ట్రాక్టరు తిరిగే దారిని కూడా శుభ్రం చేయిస్తే, నాలుగు వేలలో ఎక్కువభాగం మోళ్లు నేలలోనే ఉండిపోయి, రెండు మూడేళ్లలో చెదలకూ పుచ్చుకూ వదిలిపోతాయి. పీకిన గుంత రెండడుగుల ఆయిల్‌పామ్ గుంట కంటే పెద్దదవుతుంది. దాన్ని పూడ్చి ఒక వాన పడి మట్టి కుంగాక, అప్పుడు కొలతకు గుంట తీయించండి.

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది. మొదటి మూడేళ్లు మొక్కల మధ్య మొక్కజొన్నో కూరగాయలో వేయదలిస్తే ఆ భూమిని దున్నాలి, దున్నాలంటే మోళ్లన్నీ లేవాలి. అంతరపంట రాబడి జేసీబీ గంటల అద్దెకు సరిపోతుందో లేదో మీరే లెక్క వేసుకోవాలి. నీటి వసతి సరిగా లేని ఆరెకరాల్లో నేనైతే పీకించను.

ఉంచేసిన మోళ్లు పిలకలు వేస్తాయి. గొడ్డలి తిరగేసి కొట్టి, మోడు చుట్టూ బెరడును నేల లోపలి దాకా ఒలిచేస్తే చాలావరకు చస్తుంది. మిగిలినవాటి పిలకలను చేయెత్తు కాకముందే విరిచేస్తూ ఉండాలి.

మీ ట్రాక్టరుకు గొలుసు కట్టి మోడు పీకే పని మాత్రం పెట్టుకోవద్దు. రెండుసార్లు కోసిన మోడు చెట్టు కంటే లావుగా ఉంటుంది, వేరు లోతుగా దిగి ఉంటుంది, అది రాదు. రానప్పుడు వెనక చక్రం ముందుకు తిరగలేక, ఇరుసు చుట్టూ ట్రాక్టరే వెనక్కి లేస్తుంది. గొలుసును టాప్ లింకుకో, లిఫ్టు చేతులకో కట్టి ఉంటే ముందు చక్రాలు లేచాక బండి తిరగబడడానికి ఒకటి రెండు సెకన్లు చాలు, క్లచ్చి తొక్కే వ్యవధి దొరకదు. అడ్డుపడిన దుంగను లాగవలసివస్తే ట్రాక్టరు వెనక కింద ఉండే డ్రాబార్‌కే, నేలకు దగ్గరగా కట్టి, మెల్లగా లాగండి.

ప్రశ్న: నందిగామ దగ్గర రెండెకరాల సుబాబుల్ కొట్టించాను. నా దగ్గర 28 హార్స్‌పవర్ ఫోర్ వీల్ డ్రైవ్ చిన్న ట్రాక్టరు ఉంది. విదేశాల్లో చిన్న ట్రాక్టర్ల ముందు పీతగోళ్లలాంటి పరికరం బిగించి కొమ్మల కుప్పలను ఎత్తి పడేస్తున్న వీడియోలు చూశాను. అలాంటిది నా బండికి బిగించవచ్చా?

జవాబు: దాన్ని గ్రాపుల్ అంటారు. కొమ్మకుప్ప చూడడానికి కొండంత ఉన్నా బరువు తక్కువ కాబట్టి, బకెట్ కంటే ఈ గోళ్లే దానికి అనువైనవి. అయితే అది ఒంటరిగా రాదు. దాన్ని మోసే లోడరు చేతులు, గోళ్లు తెరిచి మూయడానికి అదనపు హైడ్రాలిక్ లైను, వెనక లింకేజీకి తగిలించే కాంక్రీటు దిమ్మెలాంటి ఎదురుబరువు, ఇవన్నీ కావాలి. ముందు ఎత్తిన బరువు తక్కెడలా పనిచేసి వెనక చక్రాలను తేలుస్తుంది. మన ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి గనుక, పల్లంలో బరువుతో దిగేటప్పుడు బ్రేకు తొక్కినా బండి జారుతూనే ఉంటుంది. టూ వీల్ డ్రైవ్ బండికైతే లాగే పట్టు కూడా పోతుంది. మీది ఫోర్ వీల్ కావడం కొంత మేలు. అయినా మీ మోడలుకు తయారీదారు ఆమోదించిన లోడరు ఉంటేనే బిగించండి, వర్క్‌షాపులో ఛాసిస్‌కు వెల్డింగు పెట్టించి అతికించకండి.

నిజానికి రెండెకరాలకు అంత హంగు అక్కర్లేదు. సుబాబుల్ ఆకు మేకలు తినేస్తాయి, కట్టెకు అడిగేవాళ్లు ఉంటారు. పైన చెప్పిన కల్టివేటర్ పద్ధతిలో మిగిలినది వరసకు చేర్చండి. మీకు అసలు తలనొప్పి చెత్తతో కాదు, నేలలో ఏళ్లతరబడి ఉండిపోయే సుబాబుల్ గింజతో. మొదటి వానకు మొలిచినదాన్ని జానెడు కాకముందే దున్నేయండి, రెండో వానకు మళ్లీ దున్నండి.

ప్రశ్న: మా చేను అడవి అంచున ఉంది. చేర్చిన కొమ్మలను వేసవిలో తగలబెడితే త్వరగా వదులుతుంది కదా?

జవాబు: ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవుల్లో నిప్పు పడే కాలం. అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం, గాలికి ఎగిరిన నిప్పురవ్వ హద్దురాయిని చూసి ఆగదు. జామాయిల్ ఆకులో నూనె ఉండడంవల్ల మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. మట్టి కలిసిన కుప్ప అయితే పైకి ఆరినట్టు కనిపిస్తూనే లోపల రోజులతరబడి రగులుతుంది. కుప్ప కాలిన చోట మట్టి ఇటుకలా మాడి, ఆ మచ్చలో పైరు రెండు మూడేళ్లు సరిగా లేవదు. వాలుకు అడ్డంగా వరసలు పేర్చి వదిలేస్తే వానకు కొట్టుకుపోయే మట్టిని అవి ఆపుతాయి. అడవి వైపు మాత్రం వరసకూ హద్దుకూ మధ్య రెండు ట్రాక్టర్ల వెడల్పున ఆకు కూడా లేకుండా గీరించి ఉంచండి. పాత వరసను మళ్లీ కదపవలసివస్తే ముందు పళ్లతో లాగి, కాసేపు ఆగి, ఆ తర్వాతే మనుషులను దగ్గరకు పంపండి. వేసవిలో ఆ నీడ కింద రక్తపింజర్లు చేరతాయి.