పరుగెత్తేవారి బూట్లు ముందువైపు ఎందుకు అరుగుతాయి?

మీ బూట్లు మడమ దగ్గర, పోటీ పరుగులు తీసే మీ అబ్బాయివి వేళ్ల మొదళ్ల దగ్గర అరుగుతున్నాయన్నారు. రెండూ సహజమే.

కదలకుండా నిలబడితే బరువులో సగానికి పైగా మడమల మీదే ఉంటుంది. నడకలోనూ మడమే ముందు నేలను తాకుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు 2 నుంచి 3 రెట్ల బలం పాదం మీద పడుతుంది. పొట్టి పరుగుల్లో అదంతా ముందరిపాదానిదే. అయితే క్రీడాకారులందరూ ఒకటి కాదు: దూరపు పరుగువారిలో చాలామంది మడమతోనే దిగుతారు.

విశాఖ ఆర్కే బీచ్ తడి ఇసుకలో మీ అబ్బాయిని పరుగెత్తించి, అడుగుజాడ ఎక్కడ లోతుగా దిగిందో చూడండి. స్థూలంగా తెలిసిపోతుంది. వేళ్ల వెనుక ఒకేచోట నొప్పి తగ్గకుంటే మాత్రం పరుగు ఆపించి ఎముకల వైద్యుడికి చూపించండి. సన్నని పగులు కావచ్చు.