అడవి ఆర్కిడ్ పేరు తేల్చుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన ఫోటో చూశాను. పువ్వు ఎంతో స్పష్టంగా పడింది కానీ, ఆకు ఒక్కటీ కనబడలేదు, ఎక్కడ తీశావో కూడా రాయలేదు. అందుకే పేరు చెప్పడం మాని, పేరు దాకా వెళ్లే దారి రాస్తున్నాను.

అది ఆర్కిడ్ అనడంలో సందేహం లేదు. లోపలి మూడు రేకుల్లో ఒకటి తక్కిన రెంటికీ పోలిక లేకుండా పెదవిలా మారింది, పువ్వు నడుమ కేసరమూ కీలమూ కలిసిపోయి ఒకే స్తంభంగా నిలిచాయి. రంగును మాత్రం ఆధారం చేసుకోవద్దు. గులాబీ రంగులో పూసే జాతిలోనే ఒక్కొక్క మొక్క తెల్లగా పూస్తుంది.

నీ పువ్వు పెదవి సంచిలా ఉబ్బి ఉంది కనుక అది స్లిప్పర్ ఆర్కిడ్. ఇలాంటి పువ్వు ముఖ్యంగా మూడు ప్రజాతుల్లో కనిపిస్తుంది, వాటిని విడదీసేది ఆకే. ఆకు పలుచగా, ఈనెల వెంబడి విసనకర్రలా మడతలు పడి, చలికాలానికి ఎండిపోయేదైతే అది సైప్రిపీడియం. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా దాని ఇల్లు. ఆకు తోలులా దళసరిగా, మధ్య ఈనె దగ్గర ఒకే మడతతో ఉండి, చాలాసార్లు ముదురు, లేత పచ్చల మచ్చలతో కనిపిస్తే పాఫియోపెడిలం. అది భారతదేశం నుంచి న్యూగినీ, సాలమన్ దీవుల వరకు పెరుగుతుంది. అదే దళసరితనంతో మచ్చలు లేకుండా పొడవుగా సాగిన ఆకులుంటే ఫ్రాగ్మిపీడియం కావచ్చు; దాని సొంత నేల మెక్సికో దక్షిణం నుంచి దక్షిణ అమెరికా దాకా ఉంది. ఎక్కడ తీశావని అడిగింది అందుకే.

అయితే చోటు ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా పొరపాటే. హవాయిలో దారుల పక్కన విరివిగా పూసే వెదురు ఆర్కిడ్ ఆసియా నుంచి వచ్చి స్థిరపడినది. ఆ దీవులకు సహజంగా చెందిన ఆర్కిడ్లు 3 జాతులు మాత్రమే. మొక్క కనబడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

ఒక్కోసారి ఆకూ చోటూ రెండూ చేతులెత్తేస్తాయి. ఐరోపాలో ప్లాటాంథెరా బైఫోలియా, ప్లాటాంథెరా క్లోరాంథా అనే రెండు జాతులకు నేల దగ్గర రెండేసి ఆకులు, తెల్లని పువ్వులు ఉంటాయి. అప్పుడు భూతద్దం పట్టి స్తంభంలోని రెండు పుప్పొడి ముద్దలను చూడాలి: దగ్గరగా, సమాంతరంగా నిలబడితే బైఫోలియా, కిందికి వచ్చేకొద్దీ ఎడమైతే క్లోరాంథా. ఆ పోల్చే క్షణంలో కలిగే ఆనందం నీకూ దక్కాలని నా కోరిక.

ఋతువునూ రాసిపెట్టుకో. అమెరికా తూర్పు అడవుల్లోని టిప్యులేరియా డిస్కలర్ శరదృతువులో ఒకే ఒక్క ఆకు వేస్తుంది. పైన పచ్చగా ఉన్న ఆ ఆకును మెల్లగా తిప్పితే అడుగున వంగపండు రంగు మెరుస్తుంది. వసంతంలో అది ఎండిపోయాక, వేసవిలో ఆకు లేని కాడ మీద పూలు పూస్తాయి. కాబట్టి ఈ మొక్కను ఏడాదిలో రెండుసార్లు చూడాలి.

ఏ జాతినైనా పెకలించకు. వాటి వేళ్లకు నేలలోని శిలీంధ్రాలతో ఉన్న బంధం తెగితే, మరో చోట నాటినా సాధారణంగా బతకవు.

వీలైతే మళ్లీ అక్కడికి వెళ్లి, పువ్వును పక్కనుంచి, స్తంభాన్ని దగ్గరనుంచి, ఆకును పైనా అడుగునా ఫోటో తీసి, తేదీతో, ప్రాంతంతో పంపించు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న